చేదు దిగకముందే

మా ఆసిఫాబాద్ అడవిలో ఇప్పపువ్వు ఉంది, తునికాకు ఉంది, తేనె ఉంది. ఉప్పు లేదు. రైళ్లు, లారీలు రాకముందు తీరం నుంచి దక్కను లోపలి ఊళ్లకు ఉప్పును చేర్చినవి బంజారాల ఎడ్ల మందలు. సముద్రానికి ఇంత దూరాన పుట్టినవాణ్ణి కాబట్టే, ఉప్పు పండే చోటు కళ్లారా చూడాలని ఎప్పటినుంచో కోరిక. మొన్నటి ఎండాకాలంలో శ్రీకాకుళం జిల్లా నౌపడ వెళ్లాను.

పోటు వచ్చినప్పుడు సముద్రపు నీరు అక్కడి చిత్తడిలోకి ఎక్కుతుంది. దాన్ని మడి నుంచి మడికి తిప్పుతూ ఎండకూ గాలికీ ఇగరబెడతారు. లీటరు సముద్రపు నీటిలో ఉండే లవణాలన్నీ కలిపినా సుమారు 35 గ్రాములే. ముందు మడుల్లో జిప్సం అడుగుకు దిగుతుంది. నీటి చిక్కదనం బోమే కొలతలో 25 డిగ్రీలకు చేరాక ఉప్పు గింజ కడుతుంది.

అసలు పనితనం ఆ తర్వాతే. ఉప్పు దిగేకొద్దీ మిగిలిన నీటిలో మెగ్నీషియం పెరుగుతుంది. ఇంకొన్నాళ్లు ఉంచితే ఇంకాస్త ఉప్పు వస్తుందని ఆశపడితే దాని చేదంతా గింజకు పడుతుంది. దాదాపు 29 డిగ్రీల దగ్గర ఆ నీటిని బయటికి వదిలేయాలి. నాతో మాట్లాడిన పెద్దాయన దగ్గర కొలిచే గాజు గొట్టం ఉంది. అయినా ముందు వేళ్ల మధ్య నీటిని రుద్ది చూశాడు. నా చేతికీ రాశాడు, నూనెలా జారింది. "ఇంక ఉంచకూడదు బాబూ" అంటూ గట్టు తెంపాడు. తర్వాత పొడవాటి కర్రకు బిగించిన పలకతో, అడుగు మట్టి లేవకుండా ఉప్పును మెల్లగా ఒడ్డుకు లాగాడు. ఆయన మడమల పగుళ్లలో తెల్లని చారలు కనిపించాయి.

ఈ ఉప్పుకు పన్నుల చరిత్ర కూడా ఉంది. 1805లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు ప్రాంతపు ఉప్పును తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకుంది. 1930 ఉప్పు సత్యాగ్రహం మనందరికీ తెలిసిందే. ఉప్పు పన్ను 1947లో పోయింది. అకాల వర్షం భయం మాత్రం పోలేదు. ఒక్క గట్టి వాన పడితే వారాల కష్టం మళ్లీ నీళ్లే. వడ్లు తడిస్తే నష్టం రాసుకోవడానికి అధికారులు రావాలని మనం అడుగుతాం. ఉప్పు కరిగినప్పుడు కూడా రావాలి. గుప్పెడు ఉప్పు పండని జిల్లావాళ్లం, రోజూ ఆ చేతుల ఉప్పే తింటున్నవాళ్లం, ఆ మాట మనమూ అడగాలి.