పల్నాటి వీరగాథ: మాధ్యమభేదం – గ్రహీతల అర్థనిర్ణయం

మాధ్యమం అందించిన అర్థాన్ని ప్రేక్షకుడు యథాతథంగా స్వీకరిస్తాడన్న భావన తొలినాటి ప్రసార సిద్ధాంతాలలో ప్రబలంగా ఉండేది. ‘ఉపయోగాలు–సంతృప్తులు’ దృక్పథం ఈ ప్రశ్నను తిరగవేసి, జనం మాధ్యమాన్ని ఏ అవసరానికి వాడుకుంటున్నారని అడిగింది. 1973లో స్టూవర్ట్ హాల్, ప్రసారకర్త సంకేతీకరించిన అర్థమూ గ్రహీత విప్పుకొన్న అర్థమూ ఒకటి కానక్కరలేదని ప్రతిపాదించి, అంగీకార, సర్దుబాటు, ప్రతిరోధ పఠనాలను గుర్తించాడు. ఈ నమూనా పల్నాటి వీరగాథకు ఎంతవరకు వర్తిస్తుందో పరిశీలించడం ఈ వ్యాసలక్ష్యం.

ముందుగా చలనచిత్రాన్ని చూద్దాం. ‘మాలపిల్ల’ (1938) తీసిన గూడవల్లి రామబ్రహ్మం ‘పల్నాటి యుద్ధం’ ప్రారంభించి 1946లో మరణించగా, ఎల్.వి. ప్రసాద్ దానిని పూర్తిచేశారు, 1947లో విడుదలైంది. 1966లో అదే పేరుతో మరో చిత్రం వచ్చింది. నాగమ్మ పాత్రను మొదటిదానిలో కన్నాంబ, రెండవదానిలో భానుమతి ధరించారు. బ్రహ్మనాయుణ్ణి సంస్కర్తగా, నాగమ్మను కుట్రదారుగా గ్రహించడం అంగీకార పఠనం. సంస్కరణను ఒప్పుకొంటూనే యుద్ధబాధ్యతను ఇరుపక్షాలకూ పంచడం సర్దుబాటు పఠనం. మంత్రిపదవిలో కూర్చున్నందుకే ఒక స్త్రీ నిందకు గురైందనడం ప్రతిరోధ పఠనం. ఇంతవరకు హాల్ నమూనా చక్కగా పొసగుతుంది.

కారెంపూడిలో మాత్రం అది చాలదు. కార్తీక అమావాస్యతో మొదలై రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అనే ఐదు రోజులు సాగే వీరుల ఉత్సవాలలో వీరవిద్యావంతులు గాథను గానం చేస్తారు. ఆచారవంతులు వీరుల ఆయుధాలను మోస్తారు. ఇక్కడ శ్రోత గాథకు వెలుపల లేడు. చాపకూడు చలనచిత్రంలో ఒక సన్నివేశం. కారెంపూడిలో అది కూర్చుని తినే భోజనం. తెరపై కులసమానత్వాన్ని మెచ్చుకొన్న ప్రేక్షకుడు కోల్పోయేది ఏమీ లేదు. చాపపై కూర్చున్నవాడు మాత్రం పక్కవానితో కలిసి తినాలి. ఆ పంక్తి లేచిన తర్వాత ఊరిలో సమానత్వం ఎంతవరకు నిలుస్తుందన్నది వేరే ప్రశ్న. అయినా ఇక్కడ అర్థనిర్ణయం అభిప్రాయంగా కాక క్రియగా జరుగుతున్నది. దీనిని ‘ఆచరణ పఠనం’ అనవచ్చు.

అయితే ఈ పఠనాన్ని ఆదర్శీకరించడం పొరపాటు. వీరులు దైవాలైన చోట వారి నిర్ణయాలను శంకించడం సులభం కాదు. భాగస్వామ్యం పెరిగిన కొద్దీ అసమ్మతికి చోటు ఇరుకవుతుంది. క్రియకు అవకాశమివ్వని చలనచిత్రమే నాగమ్మ పక్షాన ఆలోచించే స్వేచ్ఛను ప్రేక్షకునికి ఎక్కువగా మిగిల్చింది. గ్రహీత చురుకుగా ఉన్నంత మాత్రాన స్వతంత్రుడని భావించే సిద్ధాంతాలను ఈ ఉదాహరణ పునఃపరీక్షకు పెడుతున్నది.

మౌఖిక పాఠానికి ఆంగ్లానువాదంతో జీన్ రోఘైర్ 1982లో వెలువరించిన అధ్యయనం పరిశోధకులకు ఎంతో మేలు చేసింది. కాని అచ్చుపాఠాన్నే ఆధారం చేసుకొంటే చాపకూడు మనకు వర్ణనగానే మిగులుతుంది. కనుక వీరగాథా పరిశోధనలో పాఠనిర్ణయంతోపాటు గ్రహీతృనిర్ణయం కూడా జరగాలి: ఎవరు వింటున్నారు, ఎక్కడ కూర్చుని వింటున్నారు, విన్న తర్వాత ఏమి చేస్తున్నారు అన్నవి ఆ గాథ అర్థంలో భాగాలే.