‘దిద్దుబాటు’ కథయు, యువజనులకు నేర్పవలసిన మర్యాదయు

స్త్రీలను గౌరవింపవలెనని పిల్లలకు చెప్పని పాఠశాల లేదు. స్త్రీ తల్లి యనియు, దేవత యనియు, గృహలక్ష్మి యనియు వ్యాసములు వ్రాయించుచున్నాము. ఆ వ్యాసమునకు మంచి మార్కులు తెచ్చుకొన్న బాలుడే సాయంకాలము వీధిలో తన సహాధ్యాయినిని చూచి యీల వేయుట కలదు. వ్యాసమునకును వీధికిని నడుమ వానికి విరోధ మేమియు తోపదు. దేవతను పొగడుట వానికి నేర్పితిమి గాని, తనవంటి మనస్సు గల మనుష్యురాలితో ఎట్లు మెలగవలెనో నేర్పమైతిమి. పూజకు విగ్రహము చాలును. మర్యాదకు మాఱు పలుకు మనిషి కావలెను.

ఈ భేదమును యువజనులకు తెలుపదగిన రచన మనకు కలదు. గురజాడ అప్పారావుగారు 1910వ సంవత్సరమున ‘ఆంధ్రభారతి’లో ప్రకటించిన ‘దిద్దుబాటు’ కథ అట్టిది. దానిని వినోదకథగా చదివి విడిచిపెట్టుటచే సగము ప్రయోజనము పోవుచున్నది. దాని గుణమును, దానియందలి కొఱతను గూడ విచారింతము.

గోపాలరావు చదువుకొన్న గృహస్థుడు. లోకహితమైన సభలకు పోవుచున్నానని భార్యయగు కమలినితో చెప్పి, రాత్రులు సానిపాట వినబోవుచుండును. ఒకనాడు అపరాత్రివేళ ఇల్లు చేరగా భార్య కానరాదు. జాబు మాత్రము కానవచ్చును. ఆ జాబులో ఏడ్పు లేదు, శాపము లేదు. తాను ఇంట నుండుటచేతనే గదా భర్తకు కల్లలాడవలసి వచ్చుచున్నది, ఆ యవసరము లేకుండ తానే పుట్టింటికి పోవుచున్నానని యామె భావము. నేర మేమని విచారించినచో, సానిపాట వినుటకంటె ముందుగా అసత్యమే నేరముగా నిలుచును. తనను కాపాడుమని గాని, పూజింపుమని గాని యామె కోరదు. తనతో నిజము చెప్పనివాడు తనను మనిషిగా ఎంచలేదని మాత్రము తెలియజేయును.

ఆ జాబు వ్రాయగల చదువు ఆమెకు భర్త చెప్పించినదే. ఆనాటి కిది చిన్న సంగతి కాదు. కందుకూరి వీరేశలింగముగారు 1874లో ధవళేశ్వరమున బాలికా పాఠశాల స్థాపించిరి. 1883లో స్త్రీలకొఱకు ‘సతీహితబోధిని’ పత్రికను నడిపిరి. చదివిన యాడుది సంసారము చెఱుచునని చాలమంది ఆక్షేపించుచుండిరి. అప్పారావుగారు ఆ యాక్షేపణకు ఉపన్యాసముతో ఉత్తరము చెప్పలేదు. చదువు ఇంటిలోనికి లెక్క యడుగు శక్తిని తెచ్చునని చూపిరి. చదువు చెప్పినవాడే మొట్టమొదట ఆ లెక్క యొప్పజెప్పవలసి వచ్చినది.

పిల్లలు మిక్కిలి నవ్వు ఘట్టము మఱియొకటి గలదు. పశ్చాత్తాపము పొందిన గోపాలరావు, తనకు బుద్ధి వచ్చినదని భార్యతో చెప్పుమని సేవకుడగు రామునికి మాటలు నేర్పును. రాముడు ఆ సందేశమును తన నోట అప్పగించునప్పుడు, ఆడువారు యజమాని చెప్పినట్లు విని పడియుండవలె ననియు, కాదేని అయ్యగారు సానిని ఉంచుకొందు రనియు దానిని మార్చివేయును. క్షమాపణము బెదరింపుగా మాఱినది. ఉపాధ్యాయుడు ఇచ్చట నవ్వనిచ్చి, పిమ్మట పుస్తకమును క్షణకాలము మూయవలెను. రాముడు దుర్మార్గుడు కాడు. ఆ యింటి మేలు కోరినవాడే. లోకమున తాను చూచినది అతని నోట వచ్చినది. చదువురాని వానిని చూచి నవ్వు విద్యార్థికి గుర్తు చేయవలసిన దేమనగా, యజమాని పెద్దమాటల చాటున ఆచరించిన దానినే సేవకుడు దాపఱికము లేక పలికినాడు. పైనుండి పోసిన నీతివాక్యము పిల్లల నోట ఏ రూపమున వెలువడునో ఎఱుగగోరువారు ఈ ఘట్టమును మఱల చదువవలెను.

ఇంతటి కథలోను కొఱత లేకపోలేదు. కమలిని ఎక్కడికిని పోలేదు. మంచము క్రిందనే యున్నది. ఆమె నవ్వుతో కథ ముగియును. ఆ నవ్వు దంపతుల స్నేహమునకు గుఱుతే. ఐనను దిద్దుబాటు భారమంతయు భార్యమీదనే పడినదిగదా! తాను తప్పినచో ఇంట నొక తెలివిగల స్త్రీ నవ్వుచు దిద్దుకొనునని బాలుడు నేర్చుకొనరాదు. తన్ను తాను దిద్దుకొనుట తన పనియేయని వానికి చెప్పవలెను.

ఇంతకంటె పెద్ద కొఱత మఱియొకటి. పాట పాడిన స్త్రీకి ఈ కథలో పేరు లేదు, మాట లేదు. రాముని బెదరింపులో ఆమె బంగారుబొమ్మ మాత్రమే. ఇల్లాలిని గౌరవించుటకై మఱియొక స్త్రీని తృణీకరించు పాఠము అర్ధపాఠమే. ఆనాటి సంస్కర్తలు అనేకులు సానుల నాట్యమును ఖండించుచు, ఆ స్త్రీలను గూడ దూరముగా నుంచిరి. చెన్నరాష్ట్రమున దేవదాసీ సమర్పణమును నిషేధించు చట్టము 1947లో వచ్చినది. దానికై డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు బహుకాలము పాటుపడిరి. చట్టము ఆచారమును నిషేధించినది గాని, ఆ కులపు పేరు నేటికిని మన బాలుర నోట తిట్టుగా నిలిచియున్నది. వారు దానిని తోటి బాలికలపై విసరుటయు మన మెఱుగనిది కాదు.

ఈ కొఱతకు మందు అప్పారావుగారి యొద్దనే కలదు. 1897లో ప్రకటింపబడి, 1909లో పెంచి వ్రాయబడిన ‘కన్యాశుల్కము’లో మధురవాణి కలదు. సానులను కన్నెత్తి చూడని సౌజన్యారావుపంతులు ఎదుట ఆమె పురుషవేషమున నిలిచి, లుబ్ధావధానులను అపాయమునుండి తప్పించు త్రోవ చూపును. గిరీశము నిజస్వరూపమును బయటపెట్టును. మఱి గిరీశమో, వితంతూద్ధరణమును గూర్చి అనర్గళముగా మాటాడును; ఆ మాటలనే బుచ్చమ్మను వలలో వేయుటకు వాడుకొనును. వెంకటేశ మాతని శిష్యుడు. గురువు ఉపన్యాసము చేసినది ఒకటి, శిష్యుడు చూచి నేర్చుకొన్నది మఱియొకటి. సంస్కారభాష వచ్చినంత మాత్రమున సంస్కారము రాదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

కావున ‘దిద్దుబాటు’ను ఒంటరిగా బోధింపక, మధురవాణి ఘట్టముతో జోడించి బోధించుట మేలు. బాలబాలికలు ఒకే గదిలో కూర్చుండి చదువవలెను. కమలిని జాబును బాలుడు చదువవలెను. గోపాలరావు పశ్చాత్తాపమును బాలిక చదువవలెను. ఎదుటివారి మాటను తన నోట పలికినపుడు దాని బరువు తెలియును. పిమ్మట, కథలో మాట లేని ఆ గాయకురాలు గోపాలరావునకు జాబు వ్రాసినచో ఏమి వ్రాయునో వారిచేత వ్రాయింపవలెను. స్త్రీ దేవత యను వ్యాసమునకు బదులుగా ఈ జాబు చాలును.

గృహస్థులు ఇది పాఠశాల పనియని ఊరకుండరాదు. పిల్లవాడు పాఠశాలకు రాకముందే, తండ్రి తల్లితో ఎట్లు మాటాడునో విని నేర్చుకొనుచున్నాడు. రాత్రి ఆలస్యముగా వచ్చిన తండ్రిని తల్లి ఎక్కడనుండి వచ్చితిరని యడిగినపుడు, ప్రక్కగదిలో పిల్లవాడు నిద్రపోయినాడని తలపరాదు. ఆ ప్రశ్నకు వచ్చు సమాధానమే వానికి మొదటి పాఠము.