దూకడం ఆఖరి పని

2006 జులై 9, బెర్లిన్. ఇటలీ, ఫ్రాన్స్‌ల మధ్య ప్రపంచ కప్ ఫైనల్ మొదలై ఏడు నిమిషాలే అయింది. ఫ్రాన్స్‌కి పెనాల్టీ దొరికింది. కొట్టేది జిదాన్, కాసేది ఇటలీ గోల్‌కీపర్ బుఫోన్. జిదాన్ గట్టిగా తంతాడనుకుంటే బంతిని కింద నుంచి మెల్లగా పైకి లేపాడు. బుఫోన్ అప్పటికే ఓ పక్కకి దూకేశాడు. బంతి క్రాస్‌బార్ అడుగుకి తగిలి, గీత లోపల పడి, మళ్లీ బయటికి ఎగిరింది. గోల్. అదే మ్యాచ్ ఎక్స్‌ట్రా టైమ్‌లో, 104వ నిమిషంలో, కుడి వైపు నుంచి సాన్యోల్ వేసిన క్రాస్‌ని జిదాన్ తలతో బలంగా బాదాడు. ఈసారి బుఫోన్ ముందే ఎటూ వంగలేదు. ఉన్నచోటు నుంచి నిటారుగా లేచి, ఒంటిచేత్తో బంతిని బార్ మీదుగా నెట్టేశాడు.

చివరికి పెనాల్టీ షూటౌట్. అందులో బుఫోన్ ఒక్కటి కూడా ఆపలేదు. ఫ్రాన్స్ ఆటగాడు ట్రెజెగె కొట్టింది బార్‌కి తగిలింది, ఇటలీ 5–3తో కప్పు ఎత్తుకుంది. దీనికి మూడేళ్ల ముందు, 2003లో మాంచెస్టర్‌లో చాంపియన్స్ లీగ్ ఫైనల్ కూడా షూటౌట్‌కే వెళ్లింది. అప్పుడు తన క్లబ్ యువెంటస్ తరఫున బుఫోన్ రెండు పెనాల్టీలు ఆపాడు, అయినా మిలన్ గెలిచింది. ఆ రోజు యువెంటస్ తరఫున కొట్టి గోల్ చేయలేకపోయినవాళ్లలో ట్రెజెగె ఒకడు. రెండు ఆపినవాడు ఓడాడు, ఒక్కటీ ఆపనివాడు ప్రపంచ విజేత అయ్యాడు. ఇద్దరూ ఒక్కడే.

కాబట్టి గోల్‌కీపర్ ఎంతటివాడో స్కోరు చూసి చెప్పడం కుదరదు. పేపర్లో పడే ఫొటో చూసి చెప్పడం అసలే కుదరదు. ఆ 2006 ప్రపంచ కప్‌లో ఏడు మ్యాచుల్లో బుఫోన్ మీద పడ్డవి రెండే గోల్స్. ఒకటి సొంత జట్టు డిఫెండర్ జక్కార్దో పొరపాటున వేసుకున్నది, రెండోది జిదాన్ పెనాల్టీ. ఆట నడుస్తుండగా ఏ ప్రత్యర్థీ అతన్ని దాటి బంతిని లోపలికి పంపలేకపోయాడు. ఇందులో ముందున్న డిఫెండర్ల గొప్పతనం చాలా ఉంది, కాదనను. కానీ ఆ డిఫెండర్లు ఎక్కడ నిలబడాలో అరిచి చెప్పేది కూడా వెనకున్న కీపరే. మైదానం మొత్తం కళ్లెదుట కనిపించేది అతనొక్కడికే.

గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. ఆరడుగుల పైన ఎంత పొడుగున్నా, చేతులు ఎంత చాచినా ఒక మనిషి కప్పగలిగింది అందులో కొద్ది భాగమే. మిగతాదంతా కప్పాల్సింది నిలబడే చోటుతోనే. పిల్లలకి ఇది నేర్పడానికి కోచ్‌లు వాడే పద్ధతి ఒకటి ఉంది. రెండు గోల్ పోస్టులకీ చెరో తాడు కట్టి, రెండు కొసలూ తెచ్చి బంతి ఉన్నచోట కలుపుతారు. ఆ త్రికోణం నడిమధ్యన నిలబడితేనే కీపర్‌కి రెండు పక్కలా సమానంగా దూరం ఉంటుంది. గీత మీదే నిలబడితే తాళ్లు రెండూ చేతికి అందవు. బంతి వైపు రెండడుగులు వేస్తే తాళ్లు దగ్గరపడతాయి. ఇంకో రెండడుగులు వేస్తే చేతులు చాచగానే అందేస్తాయి. కుర్రాడికి అప్పుడు అర్థమవుతుంది, ఆ బంతికి అసలు దూకాల్సిన అవసరమే లేదని. అలాగని మరీ ముందుకొచ్చేస్తే కొట్టేవాడు తల మీంచి లేపేస్తాడు. ఎంత ముందుకి రావాలన్నది బంతి దూరాన్ని బట్టి, కొట్టేవాడి తీరుని బట్టి, వాడి తల ఎత్తి ఉందా దించి ఉందా అన్నదాన్ని బట్టి మారుతుంది. బంతి కదిలిన ప్రతిసారీ ఈ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. తొంభై నిమిషాలూ కీపర్ చేసే అసలు పని ఇదే. టీవీ కెమెరా అవతలి గోల్ దగ్గర ఉన్నప్పుడు ఇవతల ఇతను అడుగులు సర్దుకుంటూనే ఉంటాడు.

చోటు కుదిరాక కాళ్లు కుదరాలి. బంతిని తన్నే క్షణానికి కీపర్ రెండు పాదాలూ నేల మీద ఉండాలి. మునివేళ్ల మీద బరువు, మోకాళ్లు కొద్దిగా వంచి, చేతులు ఒంటికి కాస్త ముందు. మంచి కీపర్లు సరిగ్గా షాట్‌కి ముందు చిన్నగా ఒక గెంతు వేసి ఇలా కుదురుకుంటారు. గమనిస్తే ప్రతి మ్యాచ్‌లోనూ కనిపిస్తుంది. అడుగు మధ్యలో, ఒంటికాలి మీద ఉండగా షాట్ వచ్చిందంటే ఎంతటివాడైనా చూస్తూ ఉండిపోవాల్సిందే.

ఇక చేతులు. ఛాతీకి పైన వచ్చే బంతికి బొటనవేళ్లు రెండూ దగ్గరగా, మిగతా వేళ్లు పైకి విచ్చుకుని ఉండాలి. అరచేతుల వెనక నుంచి చూస్తే డబ్ల్యూ అక్షరంలా కనిపిస్తుంది. నడుముకి కింద వచ్చేదానికి చిటికెనవేళ్లు దగ్గరకి తెచ్చి, అరచేతులు పైకి తిప్పి, బంతిని ముంజేతుల మీదుగా గుండెలకి హత్తుకోవాలి. వీలైనంత వరకు చేతుల వెనక ఒళ్లు కూడా ఉండాలి, చేతులు జారినా ఛాతీకో మోకాలికో తగిలి ఆగేలా. పట్టుకోలేనంత వేగంగా వస్తే పక్కకి నెట్టాలి, ఎప్పుడూ ఎదురుగా కాదు. ఎదురుగా నెడితే రెండో షాట్‌కి బంతి అందించినట్టే. గ్లోవ్స్ అరచేతి వైపు ఉండే లేటెక్స్ పొర పొడిగా ఉంటే సరిగా పట్టదు. అందుకే మ్యాచ్ ముందు వాటిని నీళ్లతో తడుపుతారు, మధ్యలో ఉమ్మి రాస్తుంటారు. చూడ్డానికి బాగుండదు గానీ పని చేస్తుంది.

నన్నడిగితే వీటన్నిటికన్నా కష్టమైంది పక్క నుంచి గాల్లో వచ్చే క్రాస్. వెళ్లాలా, ఆగాలా? సగం దూరం వెళ్లి ఆగిపోయిన కీపర్ గోల్ ఇచ్చినట్టే. వెళ్తే ఒక కాలి మీద ఎగిరి, రెండో మోకాలు పైకి మడిచి, బంతిని వీలైనంత ఎత్తులోనే అందుకోవాలి. ఆ మోకాలు ఎత్తు పెంచుతుంది, మీదపడే వాళ్ల నుంచి కాపాడుతుంది. గుంపులో పట్టుకోవడం కుదరకపోతే రెండు పిడికిళ్లతో దూరంగా గుద్దాలి.

పెనాల్టీ సంగతి వేరు. అది చాలావరకు జూదమే. 11 మీటర్ల నుంచి గంటకి 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి 0.4 సెకన్లలో గీత చేరుతుంది. చూశాక దూకితే ఆలస్యం, ముందే దూకితే జిదాన్ లాంటివాడు మధ్యలో లేపేస్తాడు. పైగా తన్నే క్షణానికి కనీసం ఒక పాదం గీత మీద గానీ దాని వెనక గానీ ఉండాలని నియమం. పెనాల్టీలు ఆపినవాణ్ని పొగడటం సరే గానీ ఆపలేకపోయినవాణ్ని తిట్టడం అన్యాయం.

నియమాల మాట వచ్చింది కాబట్టి, ఈ వృత్తిని వాటంతగా మార్చింది ఇంకోటి లేదు. 1912కి ముందు కీపర్ తన సగం మైదానంలో ఎక్కడైనా బంతిని చేత్తో పట్టుకోవచ్చు. ఆ ఏడాది దాన్ని పెనాల్టీ బాక్స్‌కి పరిమితం చేశారు. 1992లో బ్యాక్‌పాస్ నియమం వచ్చింది. సొంత జట్టువాడు కావాలని కాలితో వెనక్కిచ్చిన బంతిని కీపర్ చేత్తో ముట్టకూడదు. అప్పటిదాకా జట్టు ఆధిక్యంలో ఉంటే డిఫెండర్ వెనక్కివ్వడం, కీపర్ పట్టుకుని కాలం గడపడం మామూలు. ఒక్కసారిగా కీపర్లందరికీ కాళ్లు అవసరమయ్యాయి. జర్మనీ కీపర్ మాన్యుయెల్ నోయర్ 2014 ప్రపంచ కప్‌లో అల్జీరియా మీద బాక్స్ దాటి వచ్చి డిఫెండర్‌లా ఆడింది ఆ మార్పు ఫలితమే. 2025 నుంచి ఇంకో బిగింపు: కీపర్ ఎనిమిది సెకన్లకి మించి బంతిని చేతుల్లో ఉంచుకుంటే ప్రత్యర్థికి కార్నర్.

బ్యాక్‌పాస్ నియమం వచ్చేనాటికి బుఫోన్‌కి 14 ఏళ్లు. 1978లో ఇటలీలోని కర్రారాలో పుట్టాడు. తండ్రి వెయిట్‌లిఫ్టర్, తల్లి డిస్కస్ త్రోయర్. చిన్నప్పుడు ఇతను మిడ్‌ఫీల్డర్. 1990 ప్రపంచ కప్‌లో కామెరూన్ కీపర్ థామస్ ఎన్‌కోనో ఆట చూసి మనసు గోల్ మీదకి మళ్లింది. తర్వాత పెద్ద కొడుక్కి లూయి థామస్ అని పేరు పెట్టుకునేంత అభిమానం. 1995 నవంబర్ 19న, 17 ఏళ్ల వయసులో, పార్మా తరఫున మొదటి లీగ్ మ్యాచ్ ఆడాడు. ఎదురుగా వీయా, బాజియో ఉన్న మిలన్. స్కోరు 0–0.

2001లో యువెంటస్ అతన్ని కొన్న ధర ఒక గోల్‌కీపర్‌కి అప్పటికి ప్రపంచ రికార్డు. 17 ఏళ్లు ఆ రికార్డు చెక్కుచెదరలేదు. 2006లో ప్రపంచ కప్ గెలిచిన కొద్ది రోజులకే, మ్యాచ్‌ల అవకతవకల కుంభకోణంలో యువెంటస్‌ని రెండో డివిజన్‌కి దించేశారు. బుఫోన్ జట్టు వదలకుండా అక్కడే ఆడాడు. అంతకుముందు, 2003–04 కాలంలో, డిప్రెషన్‌తో బాధపడ్డానని తర్వాత తనే బయటపెట్టాడు. ఒక మగ క్రీడాకారుడు ఆ మాట బహిరంగంగా అనడం అప్పట్లో మామూలు విషయం కాదు.

అతన్ని దేవుణ్ని చేయడం నా ఉద్దేశం కాదు. 2012 ఫిబ్రవరిలో మిలన్ ఆటగాడు ముంతారి తలతో కొట్టిన బంతి స్పష్టంగా గీత దాటాక బుఫోన్ బయటికి లాగాడు. రిఫరీ గోల్ ఇవ్వలేదు. తెలిసినా చెప్పేవాణ్ని కాదని తర్వాత బుఫోన్ అన్నాడు, దానిపై విమర్శలూ పడ్డాడు. అదే ఏడాది మే 2న, లీగ్ టైటిల్ దాదాపు చేతికొచ్చిన దశలో, లెచ్చె మీద మామూలు బ్యాక్‌పాస్‌ని కాలితో సరిగా ఆపలేకపోయాడు. బెర్తొలాచ్చి వచ్చి ఖాళీ గోల్‌లోకి తన్నేశాడు. మ్యాచ్ 1–1. టైటిల్ మిగిలింది గానీ, ఫార్వర్డ్ పది అవకాశాలు పాడుచేసినా పదకొండోదానితో వీరుడవుతాడు, కీపర్‌కి ఆ వెసులుబాటు లేదు.

ఈ వృత్తిలో ఉన్న ఊరట ఆయుష్షు. నిలబడే చోటు తెలిసినవాడికి వయసు మీదపడ్డా పెద్దగా నష్టం లేదు, ఎందుకంటే అనుభవం పెరిగేకొద్దీ దూకాల్సిన అవసరం తగ్గుతుంది. దీనో జోఫ్ 1982లో 40 ఏళ్ల వయసులో కెప్టెన్‌గా ఇటలీకి ప్రపంచ కప్ తెచ్చాడు. ఈజిప్ట్ కీపర్ ఎస్సామ్ ఎల్ హదరీ 2018లో 45 ఏళ్ల వయసులో ప్రపంచ కప్ మ్యాచ్ ఆడి, పెనాల్టీ కూడా ఆపాడు. బుఫోన్ 2016లో, 38 ఏళ్ల వయసులో, ఇటలీ లీగ్‌లో వరసగా 970 నిమిషాలకి పైగా గోల్ ఇవ్వకుండా రికార్డు పెట్టాడు. ఇటలీకి 176 మ్యాచ్‌లు ఆడి, 2023 ఆగస్టులో 45 ఏళ్ల వయసులో మళ్లీ పార్మాలోనే ఆట చాలించాడు. కానీ ఈ దీర్ఘాయుష్షుకి మూల్యం చెల్లించేది వెనక వరసలో ఉన్నవాళ్లు. జట్టులో కీపర్ స్థానం ఒక్కటే. మొదటివాడు ఇరవై ఏళ్లు పాతుకుపోతే రెండోవాడు బెంచీ మీదే ముసలివాడవుతాడు. వాళ్ల కథలు ఎవరూ రాయరు.

మనకి ఈ విద్య కొత్తేం కాదు. భారత గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ 1935లో హైదరాబాద్‌లో పుట్టాడు. సైన్యంలో చేరి మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ జట్టుకి ఆడాడు. అతను మొదట సెంటర్ ఫార్వర్డ్, తర్వాతే గోల్‌కి వచ్చాడు. ఆరడుగుల పైన మనిషి. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ జట్లలో ఉన్నాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాని 2–1తో ఓడించి స్వర్ణం తెచ్చిన జట్టుకి గోల్ కాసింది అతనే. ఆ జట్టు కోచ్ హైదరాబాద్‌కి చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్. తంగరాజ్‌కి 1967లో అర్జున అవార్డు వచ్చింది. 2008లో బొకారోలో కన్నుమూశాడు. రహీమ్ మీద ఈమధ్య సినిమా వచ్చింది కాబట్టి ఆ పేరైనా కొందరికి తెలిసింది. తంగరాజ్ పేరు హైదరాబాద్‌లో ఎంతమందికి తెలుసో నాకనుమానమే.

బుఫోన్ మిడ్‌ఫీల్డర్‌గా, తంగరాజ్ సెంటర్ ఫార్వర్డ్‌గా మొదలయ్యారు. కొట్టేవాడి మనసు తెలిసిన కాళ్లతో గోల్‌కి వచ్చారు. మన బడుల్లో జరిగేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. పరుగెత్తలేనివాణ్ని, లావుగా ఉన్నవాణ్ని, ఎవరూ జట్టులోకి కోరనివాణ్ని గోల్‌లో నిలబెడతారు. పీఈటీ మాస్టార్లకి నా మనవి ఒక్కటే. ఈసారి జట్టు వేసేటప్పుడు బాగా ఆడే పిల్లల్ని తలా ఒక వారం గోల్‌లో నిలబెట్టి చూడండి. రెండు తాళ్లు చాలు, అంతకన్నా ఖర్చు లేదు.