అసెంబ్లింగ్ ఫ్రీ

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ కంప్యూటర్ల బజారు మెట్లెక్కేవాళ్లు ఇప్పుడు ధర అడగడానికి రారు, చెప్పడానికి వస్తారు. ఫోన్లో ఆన్‌లైన్ రేటు చూపించి, "అన్నా, గింతకిస్తవా?" అంటారు. సేల్ రోజుల్లో అది మాకు పడే రేటు కన్నా తక్కువ.

కంప్యూటర్లు బిగించి అమ్మేవాణ్ణి కాబట్టి లెక్క చెబుతాను. రూ.50,000 మిషన్ మీద రెండు శాతం మిగిలిందనుకోండి, వెయ్యి. కొన్నాయన క్రెడిట్ కార్డు గీకితే బ్యాంకు ఛార్జీకి ఆ వెయ్యీ చెల్లు. "బిల్లు లేకుండా ఎంత?" అనే బేరం మరొకటి. 18 శాతం జీఎస్టీ మిగులుతుందని ఆశ. ఒప్పుకుంటే వారంటీ రోజున ఇద్దరమూ దొంగలమే.

సరుకు నిలవ పెడదామా అంటే ర్యాములు, ఎస్‌ఎస్‌డీలు టమాటాల్లాంటివి, ధర ఎప్పుడు పడుతుందో ఎప్పుడు లేస్తుందో తెలీదు. 2011లో థాయ్‌లాండ్‌లో వరదలొస్తే ఇక్కడ హార్డ్ డిస్కుల ధరలు భగ్గుమన్నాయి. గోడౌన్లో పెట్టె మిగిలినవాడిదే అదృష్టం. దాన్ని వ్యాపారమని నేననను.

బిగించి అమ్మితే ఏమీ మిగలకపోవడం చిన్న దుకాణాల గోడు మాత్రమే కాదు. ఐబీఎం తన పీసీల వ్యాపారాన్ని లెనోవోకు అమ్ముతున్నట్టు 2004 డిసెంబరులోనే ప్రకటించింది. రాబడిలో ముప్పాతిక పైన గ్రాఫిక్స్ కార్డుల మీదే తెచ్చుకునే ఈవీజీఏ 2022లో ఆ కార్డులే మానేసింది. గిరాకీ ఉండీ మానేసింది! ఏసర్ స్థాపకుల్లో ఒకరైన స్టాన్ షీ 1990ల మొదట్లోనే నవ్వుతున్న నోరులా ఓ గీత గీశాడు. ఒక కొసన డిజైను, ఇంకో కొసన బ్రాండు, సర్వీసు. లాభమంతా ఆ రెండు కొసల్లోనే. అసెంబ్లింగ్ అడుగున.

మేముండేది అక్కడే. అయినా ఆన్‌లైన్‌ని తిట్టను. "అసెంబ్లింగ్ ఫ్రీ" అని ఏళ్ల తరబడి బోర్డు కట్టింది మా బజారే. గ్రాఫిక్స్ కార్డుకు తగిన ఎస్‌ఎంపీఎస్ ఎంచడం, కొత్త ప్రాసెసర్‌ని మదర్‌బోర్డు గుర్తుపట్టకపోతే బయోస్ అప్‌డేట్ చేయడం, గాలి ఆడేలా కేబుళ్లు వెనక్కి లాగడం, రాత్రంతా లోడ్ మీద నడిపి వేడి చూడటం - ఈ కూలంతా విడిభాగాల ధరలో కలిసిపోయేది. ఇప్పుడా ధరలో చోటు లేదు. చోటు పోయింది గానీ పని తగ్గలేదు.

అందుకే కొటేషన్లో "బిగింపు, టెస్టింగ్" అని వేరే లైను వేస్తున్నాను. "నాలుగు స్క్రూలకు ఇంతా?" అని వెళ్లిపోయేవాళ్లు చాలామందే. వీడియో ఎడిటింగ్ చేసే కుర్రాళ్లు మాత్రం ఆ లైను మీద గట్టిగా బేరమాడతారు గానీ, కొట్టేయమని అనరు.