రింగు కింది మనిషి మారింది

బాస్కెట్‌బాల్ రింగు నేలకు 3.05 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఆ కొలత మారలేదు. దాని కింద నిలబడి ఆడే పివట్ ఒడ్డూ పొడుగూ, చేతి పని, కాలి పని మాత్రం మన కళ్ళముందే మారిపోయాయి. ఆ మార్పు గురించి మాట్లాడుకోవడానికి మన దేశంలో భిలాయిని మించిన చోటు నాకు తోచడం లేదు.

సోవియట్ సాయంతో లేచిన ఈ ఊళ్ళో 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నెస్ రాజుకుంది. ఉక్కు కర్మాగారం వెంటే సెక్టార్లు, బడులు, ఆటస్థలాలు వచ్చాయి. సెక్టార్ 1 పంత్ స్టేడియం బాస్కెట్‌బాల్ కోర్టుల మీద కోచ్ రాజేశ్ పటేల్ ఏళ్ళ తరబడి ఆడపిల్లలను తయారుచేశారు. సీమా సింగ్, అంజూ లక్రా లాంటివాళ్ళు ఛత్తీస్‌గఢ్ నుంచి భారత జట్టు దాకా వెళ్ళారు. పటేల్ 2018లో కన్నుమూశారు. కాన్పూర్ అమ్మాయి పూనమ్ చతుర్వేది భిలాయి వచ్చి చేరింది ఆయన దగ్గరికే. దాదాపు ఆరడుగుల పది అంగుళాల ఎత్తు. మెదడులో కణితి వచ్చినా వెనకడుగు వేయక మళ్ళీ కోర్టులోకి దిగిన మనిషి. అంత ఎత్తు దేవుడిచ్చింది, నిజమే. కానీ అంత పొడుగు కాళ్ళను సరైన క్షణాన సరైన చోట పెట్టించడం ఎంత కష్టమో పొడుగు పిల్లలకు ఆట నేర్పినవాళ్ళకే తెలుస్తుంది.

పాత పివట్ పనితనమంతా పాదాల్లోనే ఉంటుంది. రింగుకు వీపు పెట్టి, మోకాళ్ళు వంచి, నడుము కిందికి దించి, ప్రత్యర్థిని వీపు మీదే ఆపాలి. ఒక చేయి పైకెత్తి బంతి ఎక్కడికి కావాలో చూపించాలి. బంతి అందిన క్షణంలో వెనక్కి తిరిగి చూసే తీరిక ఉండదు. ప్రత్యర్థి బరువు ఏ భుజం మీద పడుతోందో వీపే చెప్పాలి. కుడి భుజం మీద పడితే ఎడమ పాదం వెనక్కి వేసి, ఆమెను దాటి రింగు పక్కకు చేరాలి. దీన్నే డ్రాప్ స్టెప్ అంటారు. నేలకు ఒక్క డ్రిబుల్, బోర్డుకు తగిలించి బుట్టలోకి. ఆ దారి మూసేస్తే అటు వెళ్తున్నట్టు భుజంతో మోసం చేసి, మధ్యకు తిరిగి, ఒంటి చేత్తో తల మీదుగా విసిరే హుక్ షాట్. బుట్ట ముందరి గళ్ళలో మూడు సెకన్లకు మించి తిష్ఠ వేయకూడదన్న నిబంధన ఒకటి ఉంది. ఇంత విద్యా ఆ ఇరుకు సమయంలో చూపించాలి. ఈ పనిని మొరటు బలమనేవాళ్ళతో నేను ఎప్పటికీ ఏకీభవించలేను.

మరి మార్పు ఎక్కడ మొదలైంది? కొంత గడియారంలో. 2000లో అంతర్జాతీయ ఆటలో షాట్‌కు గడువు 30 సెకన్ల నుంచి 24కు తగ్గింది. పివట్ నెమ్మదిగా వచ్చి రింగు దగ్గర కుదురుకునేదాకా ఆగే ఓపిక జట్లకు లేకపోయింది. కొంత లెక్కలో. దూరపు షాట్‌కు మూడు పాయింట్లు, దగ్గరి షాట్‌కు రెండే కాబట్టి దూరం నుంచి మూడింట ఒక బంతి పడినా, దగ్గర నుంచి సగం బంతులు పడినంత ఫలితం. 2010లో మూడు పాయింట్ల గీతను 6.25 మీటర్ల నుంచి 6.75కు జరిపారు. అదే ఏడాది బుట్ట ముందరి ట్రెపీజియం గళ్ళను దీర్ఘచతురస్రం చేశారు. దానితో పివట్ రింగుకు కాస్త దగ్గరగా నిలబడే వీలు దొరికింది. అయినా అప్పటికే ఆట బయటికి పరుగు తీసింది.

2015 జూన్‌లో రెండు సంగతులు వరసగా జరిగాయి. అమెరికా వృత్తి లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్‌లో గోల్డెన్ స్టేట్ జట్టు నాలుగో మ్యాచ్‌కు ఏడడుగుల ఆండ్రూ బోగట్‌ను మొదటి ఐదుగురిలోంచి తప్పించి ఆండ్రే ఇగ్వడాలాను దింపింది. ఆ మ్యాచ్‌తో మొదలుపెట్టి వరసగా మూడు గెలిచి కప్పు పట్టుకుపోయింది. అదే నెలలో పంజాబ్ కుర్రాడు, ఏడడుగుల రెండంగుళాల సత్నాం సింగ్ భమరాను డల్లాస్ జట్టు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్టులో 52వ వాడిగా ఎంచుకుంది. ఎన్‌బీఏ డ్రాఫ్టుకెక్కిన తొలి భారతీయుడు అతడే. ఎన్‌బీఏలో మాత్రం ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు. అతడు నేర్చుకున్న ఆటకు గిరాకీ తగ్గుతున్న వేళ అక్కడ అడుగుపెట్టాడు.

ఇప్పటి పివట్ పని రింగుకు దూరంగా మొదలవుతుంది. బంతి పట్టుకున్న సహచరి కోసం మూడు పాయింట్ల గీత దగ్గర కాళ్ళు వెడల్పుగా పెట్టి కదలకుండా ప్రత్యర్థికి అడ్డు నిలవాలి. దీన్నే స్క్రీన్ అంటారు. ప్రత్యర్థి తగిలిన మరుక్షణం ఆ పాదం మీదే తిరిగి రింగు వైపు దూసుకెళ్ళాలి, లేదంటే గీత బయటికి జరిగి షాట్‌కు చేతులు సిద్ధం చేసుకోవాలి. ఫ్రీ త్రో గీత దగ్గర బంతి అందితే ముందున్న ముగ్గురు రక్షకుల్లో ఎవరు ఎటు ఒరిగారో అరక్షణంలో చదివి పాస్ ఇవ్వాలి. బంతి పోతే రక్షణ ఇంకా కష్టం. రింగు దగ్గర నుంచి మూడు పాయింట్ల గీత దాకా పరుగెత్తి, చివరి రెండు మీటర్లలో చిన్న చిన్న అడుగులతో వేగం తుంచుకుని, చేయి ఎత్తి, పక్కనుంచి దూరిపోనివ్వకుండా ఆపాలి. నాకు అన్నిటికన్నా అబ్బురం ఈ ఆఖరి పనే. కేరళ క్రీడాకారిణి, ఆరడుగుల రెండంగుళాల గీతూ అన్నా జోస్ 2006లోనే ఆస్ట్రేలియాలో ఆడింది, 2011లో అమెరికా మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ జట్ల ఎంపిక పరీక్షలకు వెళ్ళింది. విదేశీ కోర్టుల దారి మనకు కొత్తదేమీ కాదు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి అందుకునే వైడ్ రిసీవర్ విషయంలోనూ ఒడ్డూ పొడుగా, పాదాల పనితనమా అన్న ఇదే వాదన నడుస్తోంది. 2012లో ఒకే సీజన్‌లో 1,964 రిసీవింగ్ గజాల రికార్డు నెలకొల్పిన కాల్విన్ జాన్సన్ ఆరడుగుల ఐదంగుళాల భారీ మనిషి. 2020 సీజన్‌కు కాలేజీ ఫుట్‌బాల్ ఉత్తమ ఆటగాడిగా హైస్‌మన్ ట్రోఫీ అందుకున్న డెవాంటా స్మిత్ సన్నగా రివటలా ఉంటాడు. అతడి బలమంతా పాదాల మలుపుతో ఖాళీ సంపాదించుకోవడంలో ఉంది.

పొడుగువాళ్ళ కాలం అయిపోయిందనే మాట తప్పు. 2014 డ్రాఫ్టులో 41వ వాడైన సెర్బియా ఆటగాడు నికోలా యోకిచ్ ఆరడుగుల పదకొండంగుళాల ఎత్తుతో, అందరినీ మించిన పాసులతో 2023లో డెన్వర్ జట్టుకు ఎన్‌బీఏ కప్పు తెచ్చాడు. ఎత్తు విలువ తగ్గలేదు. ఎత్తుతో పాటు రావలసిన విద్య పెరిగింది, అంతే.

భిలాయి సెక్టార్లలోని తెలుగువారికి ఒక విన్నపం. పదమూడేళ్ళకే తండ్రి భుజం దాటిన ఆడపిల్ల మీ ఇంట్లో ఉంటే బాస్కెట్‌బాల్ కోర్టుకు పంపండి. పంపేటప్పుడు కోచ్‌ను ఒక్కటి అడగండి: మా అమ్మాయిని రింగు కిందే నిలబెట్టకుండా డ్రిబ్లింగూ, పాసూ, దూరపు షాటూ కూడా ఇప్పటినుంచే నేర్పండి అని.