కారు షెడ్డులో దొరికిన ఆచారం

చేతిపని ఇంట్లో పుట్టి పెద్దల చేతికింద పెరగాలే తప్ప శిబిరాల్లో నేర్పితే అబ్బేది కాదన్నది ఈ శీర్షిక పాఠకులకు కంఠతా వచ్చిన వాదమే. పది రోజుల్లో కలంకారీ నేర్పుతామంటూ ఈ వారం కనబడిన ప్రకటన ఆ పాత చిరాకును మళ్ళీ ఎగదోసింది. అయితే తూర్పు లాస్ ఏంజెలిస్‌లోని ఒక కళాకేంద్రం ఆ వాదాన్ని చిక్కులో పడేస్తుంది.

సెల్ఫ్ హెల్ప్ గ్రాఫిక్స్ అండ్ ఆర్ట్ అనే ఆ కేంద్రాన్ని 1970లో ఒక కారు షెడ్డులో మొదలుపెట్టిన కారెన్ బొకాలెరో చిత్రకళ తెలిసిన ఫ్రాన్సిస్కన్ సన్యాసిని. ఆమెకు తోడైన కార్లోస్ బ్వేనో, ఆంటోనియో ఇబాన్యెజ్ మెక్సికో నుంచి వచ్చిన చిత్రకారులు. ఒకప్పుడు ఈసడింపుగా వినిపించిన ‘చికానో’ అన్న మాటను అమెరికాలోని మెక్సికన్ సంతతివారు ఆత్మగౌరవంతో తమ పేరుగా చేసుకున్న కాలమది. చదువులో వివక్షను సహించలేక తూర్పు లాస్ ఏంజెలిస్ పేటల విద్యార్థులు 1968లోనే బడులు విడిచి వీధికెక్కారు.

కేంద్రం ప్రధానంగా నమ్ముకున్నది స్క్రీన్ ప్రింటింగును. చట్రానికి బిగించిన సన్నని గుడ్డలో బొమ్మకు అక్కరలేని కన్నాలను మూసి, మిగిలినవాటి గుండా రబ్బరు పలకతో రంగును కాగితం మీదికి లాగే ఈ పద్ధతి తెలుగునాట పెళ్ళిపత్రికలు అచ్చువేసేవారికి కొత్త కాదు. రంగుకొక చట్రం కావాలి. రెండో రంగు వెంట్రుకవాసి జరిగినా ముఖానికి రెండు జతల పెదవులు మొలుస్తాయి. 1975లో ఇలాంటి చేతిపనులను వ్యానులో వేసుకుని బడుల ముంగిటికే తీసుకుపోయారు.

అసలు చిక్కు మాత్రం మృతుల పండుగతో వస్తుంది. నవంబరు తొలి రెండు రోజుల్లో పోయినవారి ఫొటోలు, వారికిష్టమైన తిండి, కొవ్వొత్తులు, బంతిపూలు పేర్చి ఓఫ్రెందా అనే వేదికను అలంకరించే ఈ మెక్సికన్ ఆచారం ఆ పేటలో అంతకుముందు వీధి పండుగగా లేదు; 1970ల తొలినాళ్ళలో దాన్ని అలా నిలబెట్టింది ఈ కేంద్రమే. ముఖాలకు పుర్రెల రంగులు పూసుకుని ఎవర్‌గ్రీన్ శ్మశానం నుంచి కేంద్రం దాకా ఊరేగారు. పలుచని కాగితాలను దొంతరగా పెట్టి ఉలితో కొట్టి జాలీలా చెక్కే పాపెల్ పికాదో వంటి పనులు ఎందరో పిల్లలకు అమ్మమ్మల ఒడిలో కాక కేంద్రం బల్లల మీదే అందాయి. అంటే వారసత్వం ఇక్కడ బయటినుంచి ఇంట్లోకి నడిచింది.

ఇంతమాత్రాన పది రోజుల కలంకారీ ప్రకటనకు క్షమాపణ దొరకదు; ఆ కేంద్రం ఐదు దశాబ్దాలకు పైగా ఆ పని మీదే ఉంది. కాని ఇంటిదే అసలు ఆచారమన్న పట్టుదల మాత్రం సడలక తప్పదు, ఎందుకంటే బతుకమ్మలో తంగేడు పక్కన పేర్చే బంతికి కూడా పుట్టిల్లు మెక్సికోయే.