వేసవి దాణాలో ఖనిజాల లెక్క

బ్రాయిలర్ కోడికి చెమట గ్రంథులు లేవు. సుమారు 41 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉండే దాని దేహం తనలో పుట్టే వేడిని చుట్టూ ఉన్న గాలికే వదులుకోవాలి. తెలంగాణలోనూ రాయలసీమలోనూ మే నెలలో తరచు జరిగేటట్టు ఆ గాలే 40 డిగ్రీలు దాటినప్పుడు, నోరు తెరిచి రొప్పుతూ ఊపిరితో నీటిని ఆవిరిగా వదలడం తప్ప దానికి వేరే దారి ఉండదు. షెడ్డు కప్పు మీద గడ్డి పరచాలనీ, పక్కలకు తడి గోనెపట్టాలు కట్టాలనీ, ఫాగర్లు నడపాలనీ రైతుకు చెప్పేవారు చాలామందే ఉన్నారు. రొప్పుతున్న కోడి రక్తంలో ఏమి జరుగుతుందో, దానికీ దాణాలోని ఖనిజాలకూ ఉన్న సంబంధమేమిటో వివరించేవారు తక్కువ. వివరించినా అది ఎక్కువసార్లు ఏదో ఒక టానిక్ సీసా అమ్మకానికి పీఠికగానే ఉంటుంది.

శ్వాస వేగం పెరిగేకొద్దీ రక్తంలోని కార్బన్ డయాక్సైడు అవసరానికి మించి బయటకు పోతుంది. నీటిలో కరిగి ఆమ్లంగా మారే ఆ వాయువు తగ్గడంతో రక్తం క్షారగుణం వైపు ఒరుగుతుంది. శ్వాసజన్య క్షారత అనే ఈ స్థితిని సరిదిద్దడానికి మూత్రపిండాలు బైకార్బొనేటును విసర్జిస్తాయి, అది పోతూ సోడియం, పొటాషియంలను కూడా వెంటబెట్టుకుని పోతుంది. కండరాలు ముడుచుకోవడానికీ, గుండె కొట్టుకోవడానికీ, కణాల లోపలా వెలుపలా నీరు తగుపాళ్లలో నిలవడానికీ ఈ రెండూ తప్పనిసరి. ఇదే సమయంలో, మేత అరిగేటప్పుడు పుట్టే వేడిని తప్పించుకోవడానికి కోడి మేత తగ్గిస్తుంది కనుక, ఖర్చు పెరిగిన రోజునే రాబడి పడిపోయిన సంసారంలా తయారవుతుంది దాని పరిస్థితి.

దాణాలోని సోడియం, పొటాషియంల మొత్తం నుంచి క్లోరైడును తీసివేయగా మిగిలేదానిని, బరువును బట్టి కాక విద్యుదావేశాన్ని బట్టి లెక్కకట్టి, ఎలక్ట్రోలైట్ సమతుల్యత అంటారు. ఫ్రెంచి శాస్త్రవేత్త మాంగిన్ 1981లో ఇది కిలో దాణాకు సుమారు 250 మిల్లీఈక్వివలెంట్లు ఉండాలని సూచించాడు. ఈ లెక్కలో మెలిక ఒకటి ఉంది: మామూలు ఉప్పులో సోడియం, క్లోరైడు సరిసమానంగా ఉండటం వల్ల అది ఎంత కలిపినా ఈ అంకె కదలదు, కదలాలంటే క్లోరైడు లేని వంటసోడా వంటిది కావాలి. పొటాషియం క్లోరైడు కూడా అంకెను మార్చదు. అయినా తాగే నీటిలో కలిపినప్పుడు అది పోయిన పొటాషియంను తిరిగి సమకూర్చి, కోడి చేత మరింత నీరు తాగిస్తుంది కనుక వేసవిలో దాని ఉపయోగం దానికుంది. బోరు నీరే ఉప్పగా ఉన్న ఊళ్లలో ఆ నీటిని పరీక్ష చేయించకుండా సీసా మీది మోతాదును కళ్లకద్దుకుని వాడితే, కోళ్లు పలచగా రెట్టవేసి, లిట్టరు తడిసి, అమ్మోనియా ఘాటు లేచి, ఒక బాధ తీర్చబోయి మరొకటి తెచ్చుకున్నట్లవుతుంది.

వేడి చేసే చెరుపు ఇంతటితో ఆగదు. కణాలకు శక్తిని అందించే మైటోకాండ్రియాలలో సూపర్ ఆక్సైడు అనే, ఆక్సిజన్‌కు చెందిన తీవ్ర రూపం పెరిగి, కణాల పొరలలోని కొవ్వును పాడుచేస్తుంది. ఆ సూపర్ ఆక్సైడును హైడ్రోజన్ పెరాక్సైడుగా మార్చే ఎంజైముకు మైటోకాండ్రియాలలో మాంగనీసు, వాటి వెలుపల రాగి, జింకు కావాలి. ఆ పెరాక్సైడును నీరుగా మార్చి పని ముగించే గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైములో సెలీనియం ఒక భాగమని 1973లో తేలింది. మొదటి మెట్టుకు కావలసినవి పుష్కలంగా పోసి రెండో మెట్టును మరిచినందువల్ల ప్రయోజనం లేదు. వేడి ఒత్తిడిలో పెరిగే కార్టికోస్టిరోన్ అనే హార్మోను, రోగనిరోధక కణాలు పరిణతి పొందే థైమస్, బర్సా అనే అవయవాలను కుదించివేస్తుంది. థైమస్ స్రవించే థైములిన్ అనే హార్మోనుకు జింకు లేనిదే చురుకు ఉండదు కనుక, వేసవిలో టీకాకు తగిన ఫలితం రానప్పుడు టీకానే కాక మేతను కూడా అనుమానించడం న్యాయం.

ఇక మోతాదుల సంగతి. అమెరికా జాతీయ పరిశోధన మండలి 1994లో ప్రచురించిన పట్టిక ప్రకారం బ్రాయిలర్లకు కిలో దాణాలో జింకు 40, మాంగనీసు 60, సెలీనియం 0.15 మిల్లీగ్రాములు ఉండాలి. టన్ను దాణాకు 150 మిల్లీగ్రాముల సెలీనియం, అంటే సోడియం సెలినైటు రూపంలో గ్రాములో మూడో వంతు; కిలోకు కొన్ని మిల్లీగ్రాములైతే చాలు, అదే విషమవుతుంది. ఇంత స్వల్పమైన పదార్థం ప్రతి కోడి ముక్కుకూ సమానంగా అందాలంటే, ముందుగా దానిని సున్నపురాయి పొడి వంటి వాహకంలో దశలవారీగా కలిపి ప్రీమిక్స్ చేయాలి. దాణా మిల్లులో అసలు నైపుణ్యం ఇదే, కానీ మిక్సర్ ఎంతసేపు తిరిగిందో అడిగేవారు అరుదు. పైగా మొక్కజొన్న, సోయాచెక్కలలోని ఫైటేటు అనే భాస్వర సమ్మేళనం జింకును పట్టి ఉంచుతుంది, కాల్షియం ఎక్కువైతే ఆ పట్టు ఇంకా బిగుస్తుంది. అందుకే ఫైటేజ్ అనే ఎంజైమును కలపడం గానీ, అమైనో ఆమ్లాలతో బంధించిన సేంద్రియ ఖనిజాలను వాడడం గానీ ఆచారంలోకి వచ్చింది. రెండవది ఖరీదైనది, దాని లాభం ప్రతి షెడ్డులోనూ ఒకేలా కనిపించదు.

అయితే కాంట్రాక్టు పద్ధతిలో ఈ దాణాను ఎంచుకునేది రైతు కాదు; పిల్ల, దాణా, మందు కంపెనీవే. షెడ్డు, నీరు, కరెంటు, శ్రమ రైతువి. ఖనిజాల నిర్ణయం ఒకరి చేతిలో ఉండగా, ఎండకు కోళ్లు రాలినప్పుడు తరుగు భారం రెండోవారికి పెంపకానికి ఇచ్చే గ్రోయింగ్ ఛార్జీల మీద పడటం సబబు కాదు. వేసవి దాణా సంచి మీద సోడియం, పొటాషియం, క్లోరైడు అంకెలను విడివిడిగా ముద్రించమని రైతులు తమ కంపెనీలను అడగాలి. మార్చి బ్యాచ్ పిల్లలు దిగకముందే బోరు నీటిని పరీక్షకు పంపి, ఆ కాగితాన్ని సూపర్‌వైజరు చేతిలో పెట్టాలి.